ఎలుగుబంటి ఇంట అతిథి మర్యాద

అమెరికా సంయుక్త రాష్ట్రాల పశ్చిమ భాగాన, రాకీ పర్వతశ్రేణి నడుమ, దాదాపు 9,000 చదరపు కిలోమీటర్ల మేర ఎల్లోస్టోన్ జాతీయవనం విస్తరించి ఉన్నది. 1872లో ఏర్పడిన ఈ వనం ప్రపంచంలోని జాతీయవనాలలో మొదటిదిగా ప్రసిద్ధి పొందింది. నేలను చీల్చుకొని ఆకాశానికెగసే వేడినీటి ధారలనూ, పొగలు కక్కే గుండాలనూ, పచ్చిక బయళ్లలో మేసే బైసన్ మందలనూ చూడటానికి ఏటా లక్షలాది జనం వస్తారు. వారిలో అత్యధికులు తారురోడ్డును విడిచిపోరు. విడిచిపోయి కాలిబాట పట్టినవారికి మొదట్లోనే ఒక హెచ్చరిక పలక ఎదురవుతుంది. ఇక్కడి నుంచి ఎలుగుబంట్ల సీమ ఆరంభమవుతున్నదని దాని సారాంశం.

ఈ సీమలో ఎలుగులు రెండు జాతులు. ఒకటి నల్ల ఎలుగు. రెండవది అంతకంటె భారీదైన గ్రిజ్లీ. భుజాల మీద మూపురం, ముందుకాళ్లకు పొడవైన గోళ్లు దాని ఆనవాళ్లు. గ్రిజ్లీ పేరు వినగానే గుండె ఝల్లుమనేవారు ఒక సంగతి గమనించాలి. వనం ఏర్పడిన నాటి నుంచి ఎలుగుల వాత పడి లోపల మరణించినవారు 8 మంది. మరుగుతున్న గుండాలలో పడి ప్రాణాలు కోల్పోయినవారు 20కి పైనే. భయం అవసరం లేదు. అజాగ్రత్త మాత్రం పనికిరాదు. ఈ రెంటికీ గల తేడాను ఎల్లోస్టోన్ చాలా ఖరీదు చెల్లించి నేర్చుకున్నది.

ఒకప్పుడు ఇక్కడ మనిషికీ ఎలుగుకూ నడుమ ఇంత ఎడం లేదు. హోటళ్లవారు పారబోసే ఎంగిలి కోసం సాయంవేళ ఎలుగుబంట్లు గుంపులుగా వచ్చేవి. ఆ విందు చూడటానికి ప్రేక్షకులకు బల్లలు వేసి కూర్చోబెట్టేవారు. 1940వ దశకం ఆరంభానికి ఆ ప్రదర్శనలు ఆగినా, చెత్తకుప్పలు ఆగలేదు. దారి పక్కన కారు నిలిపి, అద్దం దించి, నల్ల ఎలుగు నోటికి రొట్టెముక్క అందించడం కుటుంబ వినోదంగా సాగింది. ఆహారం పెట్టరాదన్న నిబంధన ఉన్నా పట్టించుకున్నవారు తక్కువ. ఫలితం లెక్కలలో తేలింది. 1931 నుంచి 1969 వరకు ఎలుగుల వల్ల గాయపడినవారు ఏడాదికి సగటున 48 మంది. వస్తునష్టం కలిగిన సంఘటనలు ఏటా వందకు మించాయి.

ఎల్లోస్టోన్‌కు ఉత్తరాన మోంటానా రాష్ట్రంలో గ్లేషియర్ జాతీయవనం ఉన్నది. 1967 ఆగస్టు 13న, ఇంకా తెల్లవారకముందే, ఆ వనంలో రెండు వేర్వేరు చోట్ల ఆరుబయట విడిది చేసిన ఇద్దరు యువతులను రెండు గ్రిజ్లీలు చంపివేశాయి. 1910లో ఆ వనం ఏర్పడ్డాక గ్రిజ్లీ వల్ల మనుషులు చనిపోవడం అదే ప్రథమం. అక్కడి ఒక విడిది గృహం వెనుక ఎంగిలి పారబోసి, ఎలుగులు వచ్చి తింటుంటే అతిథులు చూసి ఆనందించడం ఆనవాయితీ. మనిషి వాసనంటే అన్నం వాసన అని ఆ జంతువులకు నేర్పినది మనుషులేనని ఆ రాత్రి బోధపడింది.

ఆ మేలుకొలుపుతో ఎల్లోస్టోన్ అధికారులు 1970 నాటికి చెత్తకుప్పలన్నీ మూసివేశారు. ఎలుగు మూత తీయలేని చెత్తడబ్బాలు వచ్చాయి. చేతితో మేపేవారిని గట్టిగా అడ్డుకున్నారు. అయితే 1959 నుంచి గ్రిజ్లీల వెంట తిరిగి, మెడలకు రేడియో పట్టీలు కట్టి పరిశోధన చేసిన కవల సోదరులు ఫ్రాంక్ క్రెయిగ్‌హెడ్, జాన్ క్రెయిగ్‌హెడ్ ఈ తొందరను వ్యతిరేకించారు. తరతరాలుగా అలవాటైన తిండిని క్రమక్రమంగా మాన్పించాలని వారి వాదన. వారు శంకించినట్లే అయింది. ఆకలిగొన్న ఎలుగులు గుడారాల మీదికీ, చుట్టుపక్కల ఊళ్లలోకీ వచ్చాయి. కొద్ది సంవత్సరాలలోనే వందకు పైగా గ్రిజ్లీలు మనుషుల చేతిలో హతమయ్యాయి. 1975లో గ్రిజ్లీని ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చేనాటికి, ఎల్లోస్టోన్‌లోనూ దాని పరిసరాలలోనూ మిగిలినవి 150కి లోపేనని అంచనా. తప్పు మనిషిది, శిక్ష ఎలుగుది.

నేడు వాటి సంఖ్య దాదాపు వెయ్యికి చేరింది. ఎలుగులు పెరిగినా గాయాలు పెరగలేదు. 1980 తరువాత వనంలో ఎలుగు వల్ల గాయపడుతున్నవారు సగటున ఏడాదికి ఒక్కరు మాత్రమే. ఈ వింతకు కారణం తుపాకి కాదు, వంటసామాను విషయంలో పాటించే క్రమశిక్షణ. అడవిలో రాత్రి గడిపే యాత్రికుడు వండి తినే చోటికి కనీసం 100 గజాల దూరంలో నిద్రించాలి. తినుబండారాలనే కాదు, సబ్బునూ, పళ్లపొడినీ, వంటగిన్నెలనూ కూడా సంచిలో కట్టి, అందుకోసమే నిలిపిన వాసానికి నేల నుంచి 10 అడుగుల ఎత్తున, పక్క మానుకు 4 అడుగుల ఎడంగా వేలాడదీయాలి. వాసన గల వస్తువేదీ గుడారంలో ఉండరాదు.

రెండవ మర్యాద, చెప్పకుండా రాకపోవడం. పొదల మలుపులో హఠాత్తుగా మనిషి ఎదురైతే, ముఖ్యంగా పిల్లలతో ఉన్న తల్లి ఎలుగు, ముందు దెబ్బ కొట్టి తరువాత ఆలోచిస్తుంది. కనుక ముగ్గురికి తగ్గకుండా బృందంగా నడవాలి. 1970 నుంచి గాయపడినవారిలో పదింట తొమ్మిదిమంది ఒంటరిగానో, ఒకే ఒక తోడుతోనో నడిచినవారు. వాగు హోరెత్తే చోట, ఎదుటిది కనబడని మలుపు వద్ద కేకవేస్తూ సాగాలి. తిరుమల మెట్లెక్కే భక్తబృందం గోవిందనామం చేసినట్లు, ఇక్కడి యాత్రికులు ‘హే బేర్’ అని అరుస్తూ పోతారు. ఎలుగు కనబడినా 100 గజాల లోపుకు పోరాదు.

అయినా ఎదురుపడితే? ఇద్దరు మిత్రులు, ఎలుగుబంటి కథ చిన్నప్పుడు వినని తెలుగువారుండరు. ఒకడు చెట్టెక్కాడు, రెండవవాడు శవంలా పడుకున్నాడు. రేంజర్లు చెప్పేదాని ప్రకారం ఆ కథ సగమే నిజం. చెట్టు రక్షణ కాదు, నల్ల ఎలుగు చక్కగా ఎక్కగలదు, గ్రిజ్లీ కూడా ఎక్కిన సందర్భాలున్నాయి. పరుగు అంతకన్నా వ్యర్థం, గ్రిజ్లీ గంటకు 50 కిలోమీటర్లకు మించిన వేగంతో ఉరుకుతుంది. నిలిచి, మెల్లగా వెనుకడుగు వేయాలి. బెదిరిన ఎలుగు మీదపడి తాకినప్పుడు మాత్రమే బోర్లా పడుకొని, మెడ వెనుక చేతులు పెనవేసి కదలకుండా ఉండాలి. రాత్రివేళ గుడారంలోకి చొరబడినది మాత్రం ఆహారం కోసం వచ్చినది. దానితో శక్తికొద్దీ పెనుగులాడవలసిందే.

చివరి ఆయుధం ఆంధ్రుల వంటింటికి పరిచయమైనదే. మిరపకాయకు ఘాటునిచ్చే కాప్సైసిన్ నింపిన స్ప్రే డబ్బా ఇక్కడ ప్రతి నడుముకూ వేలాడుతుంది. దాడికి వచ్చే ఎలుగు ఎదుట దీనితో కారపు మబ్బు సృష్టించాలి. అలాస్కాలో 1985 నుంచి 2006 వరకు జరిగిన సంఘటనలను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, దీనిని దగ్గర ఉంచుకొన్నవారిలో 98 శాతం గాయపడలేదని తేలింది. డబ్బా సంచి అడుగున ఉంటే లాభం లేదు, చేతికందాలి. విమానంలో దీనిని అనుమతించరు కనుక అక్కడే కొనుక్కోవాలి.

నల్లమలలోనూ, శ్రీకాకుళం ఉద్దానంలోనూ తిరిగే మన ఎలుగు వేరే జాతి. చెదలు, తేనె, ఇప్పపూలు దాని ఇష్టాలు. పుట్ట తవ్వే ధ్యాసలో మనిషి అలికిడి వినక, దగ్గరికొచ్చాక ఉలిక్కిపడి మీదపడటం దాని స్వభావం. జాతి వేరైనా, చప్పుడు చేస్తూ జట్టుగా నడవాలన్న సూత్రం అక్కడికీ ఇక్కడికీ ఒక్కటే.

ఎల్లోస్టోన్ సరస్సుకు ఉత్తరాన పెలికాన్ లోయ అనే విశాలమైన పచ్చిక మైదానం ఉన్నది. గ్రిజ్లీలకు అది ప్రియమైన మేతభూమి. వసంతంలో నిద్రలేచి ఆకలితో వచ్చే ఎలుగుల కోసం ఏప్రిల్ నుంచి జూలై 3 వరకు ఆ లోయలోకి మనుషులను రానివ్వరు. తరువాత అనుమతించినా, ఉదయం 9 నుంచి సాయంత్రం 7 వరకే. రాత్రి బస నిషిద్ధం. వేసవి పొద్దు ఇంకా వాలకముందే యాత్రికులు సంచులు సర్దుకొని వెనుదిరుగుతారు. ఆపైన ఆ లోయ దాని సొంతదారులది.