డాష్‌బోర్డు కింద బల్లి

పలకల ఊరు మార్కాపురం దాటామో లేదో, కారు డాష్‌బోర్డు కింద "టిక్, టిక్" మొదలయింది.

"బల్లి పలుకుతోందిరా, వెనక్కి తిప్పు" అంది అమ్మ. దోర్నాల దాటితే శ్రీశైలం దాకా సుమారు 50 కిలోమీటర్లు నల్లమల అడవే. మలుపుల మధ్య బ్రేకు పోతే?

దోర్నాలలో మెకానిక్ కుర్రవాడు ఏ.సి. మీటలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. చల్లదనం మీట తిప్పినప్పుడే చప్పుడు! సొరుగు ఊడదీసి, గుప్పిట్లో ఇమిడే మోటారు ఒకటి బయటికి లాగాడు. వేడిగాలినీ చల్లగాలినీ కలిపే బుల్లి పలకను తిప్పేది అదేనట. లోపలి ప్లాస్టిక్ చక్రానికి రెండు పళ్లు విరిగాయి. పట్టు దొరక్క జారినప్పుడల్లా టిక్కుమంటోంది.

"బ్రేకులకూ దీనికీ సంబంధం లేదు పెద్దమ్మా" అని తీగ ఊడదీశాడు.

అద్దాలు దించుకుని ఘాట్ ఎక్కాం. అడవిగాలి హాయిగా ఉంది. అమ్మ మాత్రం ప్రతి మలుపులోనూ చెవి ఒగ్గి వింటూనే ఉంది.