ఐరావతీ తీరమున ఎండకాలము

బర్మా చూడబోవువారు సామాన్యముగా కార్తీక మార్గశిర మాసములలో ప్రయాణము పెట్టుకొందురు. వానలు వెనుకబట్టి, ఐరావతి నిండుగా పారుచు, గాలి చల్లబడియుండు ఆ దినములలో ఆ దేశపు సౌందర్యము కన్నులకు సుఖముగా దొరకును. నేను మాత్రము, ఎండ మండిపోవు వేళ అక్కడి జనులు కాలమెట్లు వెళ్ళబుచ్చుదురో చూడవలెనను కోరికతో, ఆ దేశము నేటి అంతఃకలహములపాలు గాక పూర్వము, ఒక చైత్రమాసమున, మేషసంక్రమణమునకు కొలది దినములు ముందుగా రంగూను చేరితిని.

రంగూను ఎండ మన కోస్తావారికి పరిచితమైనదే. అది తేమతో గూడిన ఉక్క. చెమట పట్టునే గాని ఆరదు. నాకు ఆతిథ్యమిచ్చిన ముసలమ్మ, శ్రీకాకుళ ప్రాంతమునుండి రేవుకూలికై ఓడలెక్కి వచ్చిన కుటుంబములోనిది. ఆ దేశముననే పుట్టి, ఆ దేశముననే ముదిసియు తెలుగును విడువలేదు. మిట్టమధ్యాహ్నము ష్వేడగోను చైత్యమునకు బయలుదేరుచున్న నన్ను గుమ్మములోనే ఆపి, “ఏటి బాబూ, ఇంతెండలో ఎక్కడికెల్తావు? కూకో. ముందు నీలు తాగు” అన్నది. ప్రొద్దు వ్రాలిన పిమ్మట పోయితిని. అప్పటికిని పాలరాతి బండలు వట్టికాళ్ళకు వెచ్చగానే తగులుచుండెను. భక్తులు తాము పుట్టిన వారమునకు చెందిన మూలకు పోయి, అచ్చటి బుద్ధప్రతిమకు చిన్నగిన్నెలతో నీరు పోయుచుండిరి. ఒక పసివాడు తాతచేతి ఊతతో పోసిన నీరు ప్రతిమ భుజముమీదుగా జారుట చూచి, నేనును గిన్నె యందుకొంటిని.

రంగూనునుండి మాండలేకు ఇనుపదారి 386 మైళ్ళు. బండి పగలంతయు ఉత్తరముగా సాగుచుండగా, కోసిన వరిమళ్ళును పల్లపు నీటిగుంటలును వెనుకబడి, ప్యిన్మనా దాటిన తరువాత క్రమముగా ముళ్ళతుప్పలును, బీటలువారిన నేలయు, తాళవనములును కానవచ్చెను. నైరృతి ఋతుపవనమును పడమట అరకాను పర్వతశ్రేణి అడ్డగించుటచే ఈ మధ్యసీమకు వానపాలు తక్కువ; రంగూనులో ఏటా 100 అంగుళములకు మించి కురియు వాన మాండలేలో సుమారు 33 అంగుళములే. ఇక్కడి ఎండ వేఱుజాతిది. చెమట పుట్టినచోటనే ఆవిరియై పోవుటచే మేను తడిసినట్లే తోచదు. దాహము తెలియకమునుపే దేహము శోషించును. అందుచేత నా పెట్టెలోని బర్మీయులు దప్పిక కలుగకపూర్వమే గుక్కెడు గుక్కెడుగా త్రాగుచు, తుండుగుడ్డలు తడిపి తలకును మెడకును చుట్టుకొనుచు, నన్నును అట్లే చేయుమని సైగలతో బలవంతపెట్టిరి.

ఆ సీమలో నేను మిక్కిలి ప్రీతితో చూచినవి దారిప్రక్కల నీటికుండలు. ఇండ్లముందును, బౌద్ధవిహారముల వాకిళ్ళయందును, ఊరిబయటి చెట్లనీడలను, రొమ్మెత్తున నిలిపిన చిన్న కొయ్యపందిరి, దానికొక చూరు, లోపల రెండో మూడో మట్టికుండలు, వాటికి మూతలు, మూతమీద బోర్లించిన గిన్నె. అడుగువారు లేరు, పోయువారు లేరు. వచ్చినవాడు తానే ముంచుకొని త్రాగి, గిన్నె మరల బోర్లించి పోవును. ఉదయమున ఇల్లాలో, చదువుకు పోవు పిల్లయో కుండ కడిగి నింపుట నేను పలుచోట్ల చూచితిని. దాహము తీర్చుట వారికి పుణ్యములలో నొకటి. మెఱుగు పూయని మట్టి సన్నని రంధ్రములగుండ చెమర్చును. పొడిగాలి ఆ చెమ్మను గ్రహించునపుడు లోపలి నీటి వేడిమిని గూడ గొనిపోవును. కావుననే రంగూనులో అంతంతమాత్రముగా చల్లబడు కుండనీరు, మాండలేలో గాలి ఎంత పొడిబారిన అంతగా నాలుకకు జివ్వుమనుచుండును. మన చలివేంద్రములు ఈ కోవలోనివే. కాని మనకవి వేసవి ముగియగానే ఎత్తివేయు పందిళ్ళు, వారికవి ఏడాది పొడుగునను జరుగు ఇంటిపని.

ఒకనాటి మధ్యాహ్నము అట్టి కుండయొద్ద నిలిచి త్రాగుచుండగా, 1942లో జపాను సేనలకు వెఱచి కాలినడకను స్వదేశమునకు బయలుదేరిన భారతీయులు, వారిలోని మన తెలుగు కూలీలు తలపునకు వచ్చి గొంతు దిగలేదు. ప్రోమునుండి టౌంగుప్ కనుమమీదుగా అరకాను తీరమునకు పోవు నిర్జలమార్గమున, దప్పికచేతను విషూచిచేతను ఎందఱో తల్లులు, పసిబిడ్డలు దారిప్రక్కనే కన్నుమూసిరి. ఆ త్రోవలో క్రోసున కొక కుండ యున్నను ఎన్ని ప్రాణములు నిలిచియుండెడివో!

మాండలేలో పగటివేళ వీధులు శూన్యములు. ఆడువారును పిల్లలును థనకా యను చెట్టు బెరడును రాతిసానపై నీటితో అరగదీసి, మనము గంధము తీసినట్లే తీసి, చెక్కిళ్ళకు పూసికొందురు. అది ఎండకు కాపు, చర్మమునకు చలువ. సంక్రమణము రాగానే ఆ శూన్యత యంతయు ఒక్కపెట్టున నీటిలో కొట్టుకొనిపోవును. ఇంద్రుడు భూమికి దిగివచ్చి, సజ్జనుల పేర్లు బంగారు పుటలపైనను, దుర్జనుల పేర్లు కుక్కతోలుపైనను వ్రాసికొనునని వారి విశ్వాసము. పూర్వాచారపరులు వెండిగిన్నెలోని పరిమళజలమును నేరేడుజాతి చిగురుటాకులతో ఎదుటివారి భుజములపై చిలుకరింతురు. యువకులు కోటకందకమునుండి తోడిన నీటితో దారిపోవు ప్రతివానిని నిలువెల్ల తడుపుదురు. నన్ను తడిపిన యువకుడు ముందు చేతులు జోడించి నమస్కరించెను! ఆ తడిబట్ట ఆరునంతసేపును శరీరము పొందిన హాయి ఏ విసనకఱ్ఱయు ఈయజాలదు.

ఆ దినములలోనే పిన్నలు వృద్ధులకు శీకాయతో తలంటిపోయుదురు. ఎండుచున్న గుంటలలోని చేపలను కుండలలో పట్టి తెచ్చి నదిలో విడుతురు. వైశాఖపూర్ణిమనాడు స్త్రీలు కుండలతో వరుసగట్టి పోయి బోధివృక్షమునకు నీరు పోయుదురట. అది నేను చూడలేకపోయితిని. ముదుసలికి, చేపకు, చెట్టుకుగూడ ఎండ బాధ కలదని తలచి, ఆ తలపును పండుగలలో నాటుకొనిన ఆ జాతిపై నాకు కలిగిన గౌరవము నేటికిని తగ్గలేదు.

మాండలేనుండి పగానుకు పడవలో పోయితిని. నీరు తీసిన ఐరావతిలో ఇసుకమేటలు తగులకుండ నావికులు వెదురుగడలతో లోతు చూచుచుండిరి. పగానులో రెండువేలకు పైగా నిలిచియున్న ఇటుక కట్టడములలో ఆనందాలయము నా మనస్సును దోచినది. ఆ మందపు గోడల లోపలి నడవాలలో అడుగిడినంతనే బయటి వడగాలి మాట మఱచిపోవుదుము. ఊరిచుట్టు తాటితోపులు, ప్రొద్దుననే దింపిన తీయని రసమును గీతకాడు పోయగా త్రాగి, నేను గోదావరి జిల్లాలో ఉన్నట్లే భావించితిని.

ఆ పగానుకు దిగువ, అదే నదియొడ్డున ఉన్న చౌక్ పట్టణమున 2024 ఏప్రిల్ 28న ఎండ 48.2 డిగ్రీలకు పోయినది. మరుసటి యేడు మార్చి 28న భూకంపము వచ్చి మాండలేవాసులు ఇండ్లు విడిచి, ఎండలో వీధులవెంబడి దినములు గడపిరి. మనకును వేసవులు నానాటికి కఠినమగుచున్నవి. వీధిలో కూరలమ్ము మనిషి, ఉత్తరములు పంచువాడు, అడ్డాపై నిలిచిన కూలి ఆ ఎండలోనే తిరుగవలసినవారు. పాఠకులారా, గుమ్మము వెలుపల, గోడనీడను, ఒక మట్టికుండ నుంచుడు. ప్రతి ఉదయము కడిగి నింపుడు. మూతయు గిన్నెయు మఱవకుడు.