రాయదుర్గం టు ప్యారడైజ్: బ్యాటరీ మార్చాలా, లాప్‌టాపే మార్చాలా?

హైటెక్ సిటీలో ఏ కాఫీ షాపుకెళ్లినా ఒకటి గమనించొచ్చు. కిటికీ పక్క సీటు కంటే ముందు గోడ పక్క సీటు నిండిపోతుంది. ఎందుకంటే ప్లగ్ పాయింట్ అక్కడుంటుంది. లాప్‌టాప్ కంటే ముందు బ్యాగులోంచి చార్జర్ తీశారంటే, వాళ్ల బ్యాటరీకి రోజులు దగ్గరపడ్డాయనే లెక్క.

మాదాపూర్ అయ్యప్ప సొసైటీ హాస్టళ్లలోనూ ఇదే కథ. నలుగురుండే రూము, రెండు సాకెట్లు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు. ఆన్‌లైన్ టెస్ట్ రాస్తుంటే ఎవరో ప్లగ్ పీకుతారు. 40 శాతం అని చూపిస్తున్న స్క్రీన్ టప్‌మని నల్లబడుతుంది. 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసుల కోసం ఇంట్లోవాళ్లు కొనిచ్చిన లాప్‌టాప్‌లు చాలావరకు ఇప్పుడు ఈ స్టేజీలోనే ఉన్నాయి. "పాతదైపోయింది, ఈఎంఐలో కొత్తది లాగెయ్ రా" అని ఫ్రెండ్ అంటాడు. ఉద్యోగం రాకముందే ఈఎంఐ మొదలైతే, నెల తిరిగేసరికి హాస్టల్ ఫీజుకే వెతుక్కోవాలి.

కొనేముందు ఒక్కసారి మెట్రో ఎక్కుదాం. బ్లూ లైన్‌లో రాయదుర్గం మొదటి స్టేషన్ అనుకుంటే, ప్యారడైజ్ పద్నాలుగోది. రైలు మారే పనే లేదు. లాప్‌టాప్‌లు వాడే చోటు, వాటి మీద పని నేర్చుకునే చోటు, వాటిని బాగుచేసే చోటు, మూడూ ఈ దారిలోనే ఉన్నాయి.

హైటెక్ సిటీ: ప్లగ్గు తియ్యని లాప్‌టాప్‌లు

రాయదుర్గం తర్వాత స్టేషన్ హైటెక్ సిటీ. ఇక్కడికి దగ్గర్లోనే సైబర్ టవర్స్. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన పదంతస్తుల గుండ్రటి బిల్డింగ్. ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అంటే టేబుల్ మీద డెస్క్‌టాప్. ఇప్పుడు ఆఫీసు మొత్తం భుజానికి వేలాడే బ్యాగులోకి వచ్చేసింది.

కానీ ఈ లాప్‌టాప్‌ల్లో సగం డెస్క్‌టాప్‌ల్లాగే బతుకుతున్నాయి. ఆఫీసులో పొద్దున పెట్టిన ప్లగ్ సాయంత్రం దాకా తియ్యరు. హాస్టల్‌లో రాత్రంతా చార్జింగ్, అదీ పరుపు మీద. లిథియం అయాన్ బ్యాటరీకి ఈ రెండూ పడవు. ఎప్పుడూ నూరు శాతం దగ్గర నిండి ఉండటం, వేడి కలిస్తే లోపలి రసాయనాలు తొందరగా నీరసిస్తాయి. వాడకపోయినా వయసు మీద పడుతుంది. అందుకే "నేనసలు బ్యాటరీ మీద వాడనే లేదు, ఎలా పోయింది?" అనే ప్రశ్నకు జవాబు, వాడకపోవడం వల్ల కూడా పోతుంది అనే. చాలా కొత్త మోడళ్లలో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటుంది. అది పెట్టింది ఇందుకే.

అంటే బ్యాటరీ లాప్‌టాప్‌లో అరిగే భాగం. బైకుకు టైరు ఎలాగో దీనికి బ్యాటరీ అలాగ. టైరు అరిగిందని బైకు అమ్మేసుకుంటామా?

రైల్లోనే చూసుకోండి, రెండు అంకెలు

మెట్రోలో సీటు దొరికితే ఈ పని అయిపోతుంది. విండోస్ అయితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, 'పవర్' అనే ఇంగ్లిష్ పదం పక్కనే సి, ఎఫ్, జి అక్షరాలు కలిపి కొట్టండి. ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి, 'బ్యాటరీరిపోర్ట్' అని ఒకే పదంగా కొట్టండి. ఒక ఫైల్ తయారవుతుంది. అందులో రెండు అంకెలు చూస్తే చాలు. డిజైన్ కెపాసిటీ అంటే కొన్నప్పుడు పట్టే చార్జ్. ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు పట్టేది.

ఉదాహరణకి మొదటిది 50 వాట్ అవర్, రెండోది 25 అనుకుందాం. లాప్‌టాప్ సగటున 10 వాట్లు తింటుంటే అప్పట్లో 5 గంటలు వచ్చేది, ఇప్పుడు రెండున్నర. మిషన్ స్లో అవ్వలేదు, ట్యాంకు చిన్నదైంది, అంతే. సగానికి పడిపోయినా, చార్జ్ ఉండగానే ఠక్కున ఆగిపోతున్నా బ్యాటరీకి టైమ్ అయిపోయినట్టే.

అదే 80 శాతం పైన ఉండి కూడా చార్జ్ నిలవట్లేదంటే తప్పు బ్యాటరీది కాదు. వెనకాల నడిచే ప్రోగ్రాములు, నలభై బ్రౌజర్ ట్యాబులు, ఫుల్ బ్రైట్‌నెస్ చూసుకోండి. మ్యాక్‌బుక్ వాళ్లు సిస్టమ్ రిపోర్ట్‌లో సైకిల్ కౌంట్ చూడాలి. ఇప్పటి మోడళ్లకు ఆపిల్ చెప్పే పరిమితి 1000 సైకిళ్లు.

అమీర్‌పేట: దేనికి వాడతారు?

ఇక్కడ దిగితే మైత్రీవనం చుట్టూ బోర్డులే బోర్డులు. జావా, పైథాన్, టెస్టింగ్, డేటా సైన్స్. కోర్సు మారినప్పుడల్లా బోర్డు మారుతుంది. బ్యాటరీ సంగతి పక్కనపెట్టి అడగాల్సిన అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. మీ లాప్‌టాప్ మిగతా ఒళ్లు బాగుందా? మీరు చెయ్యబోయే పనికి సరిపోతుందా?

మొదట చూడాల్సింది విండోస్. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసర్, ఆపైన ఉండాలి. 2020లో కొన్నవి చాలావరకు ఈ గీత దాటేస్తాయి. 2016, 2017 నాటి మోడళ్లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి. అలాంటి దానికి కొత్త బ్యాటరీ వెయ్యడం, కూలిపోయే ఇంటికి సున్నం వేసినట్టే.

రెండోది ర్యామ్, స్టోరేజ్. హార్డ్ డిస్క్ ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయించండి, తేడా మీకే తెలుస్తుంది. కోడింగ్ ప్రాక్టీసు, ఎస్‌క్యూఎల్, టెస్టింగ్ అయితే 8 జీబీతో లాగించొచ్చు. ఆండ్రాయిడ్ స్టూడియో, వర్చువల్ మిషన్లు నడపాలంటే 16 కావాలి. కొన్ని సన్నటి మోడళ్లలో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచలేం. పైగా కీళ్లు విరిగి, కీబోర్డులో సగం అక్షరాలు పడకపోతే ఇక ఆ మిషన్‌కి సెలవివ్వాల్సిందే.

ప్యారడైజ్: సీటీసీ మెట్ల మీద

ప్యారడైజ్‌లో దిగి పార్క్ లేన్ వైపు నడిస్తే చెనాయ్ ట్రేడ్ సెంటర్. ఆ పేరు ఎవరూ అనరు, సీటీసీ అంటే చాలు. కారిడార్లలో అటూ ఇటూ కంప్యూటర్ షాపులు, విప్పేసిన లాప్‌టాప్‌లు, భూతద్దం కింద మదర్‌బోర్డులు. కౌంటర్ దగ్గర వినపడేది ఒకటే మాట: "అన్నా, ఈ మోడల్‌కి బ్యాటరీ ఉందా?" అవతల్నుంచి ఎదురు ప్రశ్న: "ఒరిజినలా, కంపాటబులా?"

జవాబు చెప్పేముందు నాలుగు చూసుకోండి. ఒకటి, మీ పాత బ్యాటరీ మీదున్న పార్ట్ నంబర్. లాప్‌టాప్ మోడల్ ఒకటే అయినా బ్యాటరీలు వేరేవి ఉండొచ్చు. రెండు, బీఐఎస్ మార్కు, దాని పక్కన ఐఎస్ 16046 అనే నంబర్. లిథియం బ్యాటరీలకు మన దేశంలో ఇది తప్పనిసరి. మూడు, తయారైన తేదీ. షెల్ఫ్‌లో ఏళ్లు పడున్న కొత్త బ్యాటరీ కూడా పాతదే. నాలుగు, వారంటీ రాసిన బిల్లు. బిల్లు లేని వారంటీ గాలి మాటే. బిగించాక అక్కడే బ్యాటరీ రిపోర్ట్ తీసి, రెండు అంకెలు దగ్గరగా ఉన్నాయో లేదో చూశాకే డబ్బులివ్వండి.

ఇక లెక్క. బిగింపుతో కలిపి బ్యాటరీకి 4,800 అడిగారనుకుందాం. రెండేళ్లు నడిస్తే నెలకు 200. కొత్తది 54,000 పెట్టి అయిదేళ్లు వాడితే నెలకు 900. తేడా నెలకు 700. ఆ 700 పెట్టి కొత్తది ఇచ్చేది మీకు నిజంగా కావాలా అన్నదే ప్రశ్న. మీ కోటేషన్ అంకెలతో ఈ లెక్క ఫోన్‌లోనే వేసుకోండి.

మధ్యలో మూడో దారీ ఉంది. కంపెనీలు కొన్నేళ్లు వాడి తీసేసిన బిజినెస్ మోడళ్లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. గట్టివి, విప్పడం తేలిక. అయితే వాటిలో ఉండేది కూడా ఆఫీసులో రోజంతా ప్లగ్‌లో నలిగిన బ్యాటరీయే. కాబట్టి అక్కడా రిపోర్ట్ తీయించాకే బేరం.

ఉబ్బితే లెక్కల్లేవు

టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగ్గా పడకపోయినా, అడుగు భాగం బల్ల మీద ఊగినా బ్యాటరీ ఉబ్బిందని అనుమానించండి. ఇక శాతాలు, ఈఎంఐలు ఏమీ చూడొద్దు. ఆఫ్ చేసి చార్జర్ తీసెయ్యండి. నొక్కడం, పొడవడం, యూట్యూబ్ చూసి పీకడం వద్దే వద్దు. లిథియం అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం, నలుగురు పడుకునే రూములో ఇక చెప్పక్కర్లేదు. నేరుగా సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్లండి.

తీసిన పాత బ్యాటరీని చెత్త బుట్టలో పడేయకండి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని విడిగా, సేకరించే వాళ్లకే ఇవ్వాలి. వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. యూరప్‌లో అయితే 2027 ఫిబ్రవరి నుంచి, ఇలాంటి బ్యాటరీలను వాడేవాళ్లే విప్పి మార్చుకునేలా తయారు చెయ్యాలని చట్టం తెచ్చారు. మనకు మాత్రం ప్రస్తుతానికి సీటీసీ స్క్రూడ్రైవరే దిక్కు.

మొత్తంగా ఇంతే. విండోస్ 11 నడిచి, ర్యామ్ మీ పనికి సరిపోయి, ఒళ్లు గట్టిగా ఉంటే బ్యాటరీ మార్చండి. ఆ మూడింట్లో రెండు లేకపోతే, బ్యాటరీ డబ్బులు కూడా కొత్తదానికే దాచుకోండి. ఇంటర్వ్యూ డేట్ దగ్గర్లో ఉంటే ఇవాళే రిపోర్ట్ తీయండి. మీ మోడల్ బ్యాటరీ షాపులో లేకపోతే తెప్పించడానికి రోజులు పడుతుంది, ఇంటర్వ్యూ దాని కోసం ఆగదు.