మూడు సెంటీమీటర్ల లెక్క

కారుని 'దించడం' అనే మాటకి హైదరాబాద్‌లో ఒక అర్థం, ఆర్మూరులో ఇంకో అర్థం. హైదరాబాద్‌లో దోస్తులు 'దించావా?' అని అడిగితే, స్ప్రింగులు మార్చి బండిని నేలకి దగ్గర చేశావా అని. ఆర్మూరులో దించేవి పసుపు సంచులు. ఇంట్లో ఈ మాట ఎత్తినప్పుడు బాపు నిజంగానే అర్థంకాక "మీదికెల్లి ఏం దించుతవ్ రా?" అన్నాడు. విడమర్చి చెప్పాక ఇంకా అయోమయపడ్డాడు. ఉన్న ఎత్తుని పైసలిచ్చి తగ్గించుకునుడేంది అని.

నా బండి 2014 నాటి పోలో జీటీ టీఎస్ఐ, సెకండ్ హ్యాండ్. 1.2 లీటర్ల టర్బో ఇంజన్, 105 పీఎస్, 7 గేర్ల డీఎస్‌జీ. పెద్ద కార్ల పక్కన నిలబెట్టి దీన్ని పెర్ఫార్మెన్స్ కారు అనడానికి కొంచెం మొహమాటపడాలి. కానీ మేడ్చల్ దాటాక యాక్సిలరేటర్ మీద కాలు మోపితే ఆ మొహమాటం పోతుంది. దానికున్న ఒకే ఒక్క అందవికారం చక్రానికీ మడ్‌గార్డ్‌కీ మధ్య ఖాళీ. నాలుగు వేళ్లు సులభంగా పడతాయి. యూరప్ నుంచి వచ్చిన చాలా బండ్లని మన రోడ్ల కోసం కాస్త ఎత్తు పెంచి అమ్ముతారు. పొట్టి పంచె కట్టుకున్న పెళ్లికొడుకులా ఉంటాయి. మూడు సెంటీమీటర్లు దించితే చాలు, ఆ ఖాళీ నిండి బండి రోడ్డుని పట్టుకుని కూర్చున్నట్టు కనిపిస్తుంది. ఆ అందం మీద ఆశ నాకుంది, దాచుకోవాల్సిన పనేం లేదు.

అందం పక్కనపెట్టి పనితనం సంగతి చూద్దాం. మలుపులో బరువు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకి మారుతుంది. ఎంత మారుతుందన్నది బండి గరిమనాభి నేలకి ఎంత ఎత్తులో ఉందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఇలాంటి చిన్న కారులో అది సుమారు 55 సెంటీమీటర్లు అనుకుందాం. అందులో మూడు తగ్గిస్తే లాభం ఐదారు శాతం. అంతే. అదే మూడు సెంటీమీటర్లని చక్రం పైకి కదలడానికి ఉన్న చోటు నుంచి తీస్తే పరిస్థితి వేరు. చక్రం రబ్బరు బంప్ స్టాప్‌కి తగిలేలోపు ఏడు సెంటీమీటర్ల చోటు ఉందనుకోండి, నాలుగే మిగులుతాయి. అదే గుంత, అదే దెబ్బ. ఆ దెబ్బని నాలుగు సెంటీమీటర్లలోనే మింగాలంటే స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలి? స్ప్రింగు దాచుకునే శక్తి కుంగిన దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 49ని 16తో భాగిస్తే మూడు. అంటే మూడింతలు గట్టి స్ప్రింగు కావాలి. బజార్లో దొరికే లోయరింగ్ స్ప్రింగులు అంత గట్టిగా ఉండవు. ఉంటే ఎవరూ కొనరు. మిగిలిన దెబ్బంతా రబ్బరుకి, అక్కణ్ణించి సీటుకి, సీట్లో కూర్చున్నవాళ్ల నడుముకి పోతుంది.

బాపు నడుముకి ఆపరేషన్ అయింది. ముప్పై ఏళ్లు పసుపు సంచులు మోసిన నడుము. ఈ బండి ఆర్మూరుకి వచ్చేదే ఆయన్ని హైదరాబాద్‌లో డాక్టరుకి చూపించి తీసుకురావడానికి. అందుకే ఈ మూడు సెంటీమీటర్లు నాకు సోకు సంగతి మాత్రమే కాకుండా పోయాయి.

దించడానికి మార్గాలు నాలుగు. మొదటిది, ఉన్న స్ప్రింగులని కోసేయడం. "రెండు చుట్లు కోస్తే అయిపోతది అన్నా, ఐదు నిమిషాల పని" అనే గ్యారేజీ ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. కోసిన స్ప్రింగు గట్టిపడే మాట నిజమే, కానీ దాని కొస గిన్నెలో సరిగ్గా కూర్చోదు. చక్రం గుంతలో వేలాడినప్పుడు స్ప్రింగు వదులై చోటు తప్పొచ్చు. రెండోది, ఐబాక్ లాంటి కంపెనీల లోయరింగ్ స్ప్రింగులు తెచ్చి పాత షాకబ్జర్ల మీద పెట్టడం. చవకగా అయిపోతుంది, ఎక్కువమంది చేసేదీ ఇదే. కానీ గట్టి స్ప్రింగు తిరిగి తన్నే జోరుని ఆపాల్సింది షాకబ్జర్. మెత్తటి స్ప్రింగు కోసం తయారై, అప్పటికే 80,000 కిలోమీటర్లు తిరిగిన షాకబ్జర్‌కి అది చేతకాదు. మూడోది, స్ప్రింగు, షాకబ్జర్ జతగా కొనడం. బిల్‌స్టీన్ వాళ్లు బీ6 అని మామూలు ఎత్తుకీ, బీ8 అని దించిన బండికీ విడివిడిగా చేస్తారు. దించినప్పుడు షాకబ్జర్ కూడా పొట్టిదవ్వాలన్న విషయం ఆ రెండు పేర్లలోనే ఉంది. నాలుగోది కాయిలోవర్. ఎత్తుని మరతిప్పి మార్చుకోవచ్చు. ఖరీదెక్కువ, దుమ్ములో బురదలో తిరిగే బండి అయితే ఆ మరలు పట్టేయకుండా కడుగుతూ ఉండాలి.

ఇంకో చిక్కు ముందు చక్రాల దగ్గర ఉంది. మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న బండిని దించితే లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది. దాంతో బండి దేని చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ కిందికి జారుతుంది. అదీ గరిమనాభి దిగినదానికంటే ఎక్కువగా. రెంటి మధ్య దూరం పెరిగి, ఒరిగించే బలం తగ్గాల్సింది పెరగొచ్చు. గట్టి స్ప్రింగు దాన్ని కప్పిపుచ్చుతుంది కాబట్టి మనకి తెలీదు. టో మారుతుంది, అలైన్‌మెంట్ చేయించకపోతే టైర్లు లోపలివైపు అరిగిపోతాయి.

చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకి ఆర్‌సీలో వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 'ఆర్‌సీలో గ్రౌండ్ క్లియరెన్స్ అని ఎక్కడ రాసుంది?' అని గ్యారేజీలో వాదించొచ్చు. యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్ సర్వేయరు ముందు అదే వాదన నిలుస్తుందా అన్నది ఆలోచించుకోవాలి.

ఇవన్నీ ఎవరైనా చదివి తెలుసుకోవచ్చు. నాకు అసలు పాఠం చెప్పింది మా మామ. పసుపు లోడుతో సాంగ్లీ దాకా లారీ నడిపిన మనిషి. లారీ వాళ్లు చేసేది మనం చేసేదానికి తలకిందులు. కమాన్ కట్టకి ఇంకో పట్టీ కలిపి బండిని ఎత్తుతారు. "కలిపిన పట్టీ లోడు మీద మంచిగుంటది. వచ్చేటప్పుడు ఖాళీ బండి ఒకటే ఎగురుడు, పండ్లు రాలుతయ్. కమాను ఎవలి బరువుకు కట్టినవో వాళ్లు ఎక్కితెనే అది కమాను" అన్నాడు. నా బండికి స్ప్రింగులు ఎవరి బరువుకి కట్టాలి? హైదరాబాద్‌లో ఒక్కణ్ణే తిరిగే నా బరువుకా, నలుగురు మనుషులూ డిక్కీలో బియ్యం మూటా ఉన్న బరువుకా?

కొలిచి చూశాను. షాకబ్జర్ కడ్డీకి ఉన్న రబ్బరు తొడుగు పైకి జరిపి, కడ్డీకి ఒక జిప్ టై బిగించాను. చక్రం ఎంత పైకి వస్తే జిప్ టై అంత జరిగి అక్కడే ఆగిపోతుంది. రేసింగ్ వాళ్లకిది పాత చిట్కా. వారం రోజులు ఆఫీసుకి తిరిగితే ఇంకా సగం చోటు మిగిలే ఉంది. అంటే ఆ నగరానికి నా బండిని నిక్షేపంగా దించుకోవచ్చు. తర్వాత ఆర్మూరు వెళ్లాను. పెర్కిట్ దగ్గర 44వ నంబరు హైవే వదిలి, 63వ నంబరు రోడ్డులో మోర్తాడ్ వైపు కొంత దూరం పోయి, అక్కణ్ణించి ఊరి రోడ్డు. మార్చి నెల. పసుపు ఉడకబెట్టి కల్లాల్లో ఆరబోసే రోజులు, రోడ్డు నిండా ట్రాక్టర్లు. వెనక అమ్మ, బాపు, చెల్లె. ఇంటికెళ్లి చూస్తే జిప్ టై బంప్ స్టాప్‌ని ఆనుకుని ఉంది. దించకముందే చోటంతా అయిపోయింది.

స్పీడ్ బ్రేకర్ల దగ్గరా అదే కథ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గుండ్రటి వీపు. అలాంటిదైతే నా బండి చక్రాలు కూడా దాని వాలు మీదే ఉంటాయి కాబట్టి కింద నాలుగున్నర సెంటీమీటర్ల జాగా ఉంటే చాలు, దాటిపోతుంది. ఊళ్లో కుర్రాళ్లు రాత్రికి రాత్రి పోసుకున్న స్పీడ్ బ్రేకర్‌కి ఎత్తు అంతే ఉన్నా వెడల్పు మూరెడే. దాని మీద పది సెంటీమీటర్లకి పది కావాలి. నలుగురు కూర్చున్నాక టేపు పెట్టి కొలిస్తే నా బండి కింద పన్నెండున్నర ఉంది. మూడు తీసేస్తే తొమ్మిదిన్నర. ఆ స్పీడ్ బ్రేకర్ అనవసరంగా వేసిందేం కాదు. పక్కనే బడి ఉంది.

అలాగని దించేవాళ్లని తప్పుపట్టలేను. ఔటర్ రింగ్ రోడ్డు మీదే ఎక్కువ తిరిగేవాళ్లు, వెనక సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేవాళ్లు, జతగా కొని, అలైన్‌మెంట్ చేయించి దించుకుంటే అది మంచి బండే. వాళ్ల జిప్ టై వాళ్లకి వేరే జవాబు చెబుతుంది.

నేను స్ప్రింగులు ముట్టుకోలేదు. షాకబ్జర్లు మాత్రం నాలుగూ మార్చాను. కోని వాళ్లు ఎఫ్‌ఎస్‌డి అని పిలిచిన రకం. చిన్న చిన్న వేగమైన అదురులకి మెత్తబడుతుంది, మలుపులో బండి మెల్లగా ఒరుగుతుంటే గట్టిపడుతుంది. హైవే మీద బండి పడవలా ఊగుతోందని, దించితేనే పోతుందని అనుకున్న జబ్బు చాలావరకు అరిగిన షాకబ్జర్లదేనని తేలింది. మలుపుల్లో ఇప్పుడు బండి ఒకే ఊపులో ఒరిగి, అక్కడే నిలబడుతుంది. నాలుగు వేళ్ల ఖాళీ అలాగే ఉంది. పార్కింగ్‌లో దిగి వెనక్కి తిరిగి చూసుకున్నప్పుడు ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటుంది.

షాకబ్జర్లు మార్చాక మొన్న బాపుని చెకప్‌కి తీసుకొచ్చాను. ఏదైనా తేడా చెబుతాడేమోనని ఎదురుచూస్తూ నడుపుతున్నాను. డిచ్‌పల్లి రాకముందే ఆయన నిద్రపోయాడు.