మూలబడని బండి

తిరువళ్ళూరు నుండి తిరుత్తణికి పోవు బాటలో అరుదుగా జంట సైలెన్సర్ల ధ్వని వినవచ్చును. అది రాజ్‌దూత్ 350. జపానుదేశపు యమహా ఆర్.డి. 350 ననుసరించి ఎస్కార్ట్సు సంస్థవారు 1983లో మన దేశమున వెలువరించిరి. 347 సి.సి., రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. పెట్రోలు మిక్కిలిగా త్రాగునని నాడు జనులు వెనుదీసిరి. దశాబ్దము నిండకయే తయారీ ఆగెను. నాడు కొన్నవారు కొందరే గనుక నేడది అపురూపమై, వెదకి కొనువారు హెచ్చిరి.

మా తమ్ముని యింట నొకటి కలదు. మంచి ధరకు బేరము వచ్చినను అమ్మడాయెను. కుమారుడు కారణమడుగగా, “దీన్ని విప్పి బిగించడం నీకు నేర్పకముందే అమ్మేదా?” అనెను. ఇప్పుడు ఆదివారములందు తండ్రీకొడుకులు కలిసి కార్బురేటరు శుభ్రపరచుచుందురు.

1960లో తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరిన పిదప మన యిండ్లలో తెలుగు నిలిచినదియు నిట్లే, పెద్దలు పిల్లలకు నేర్పుటవలన. మూలబడినదానికి త్రుప్పే గతి.