కాఫీయా? టీయా? మరి మీకు?

మా ఇంట్లో రాజకీయాల గొడవ లేదు కానీ, కాఫీ పార్టీ, టీ పార్టీ మాత్రం ఉన్నాయండీ. అత్తయ్యగారిది కాఫీ, మా ఆయనది టీ. మావయ్యగారు ఏది ఇస్తే అది తాగేసి “బాగుందమ్మా” అంటారు.

అత్తయ్యగారి దృష్టిలో ఇన్‌స్టంట్ కాఫీ అసలు కాఫీయే కాదు. రాత్రి పడుకోబోయే ముందు ఇత్తడి ఫిల్టర్‌లో పొడి వేసి, మరిగే నీళ్లు పోసి మూత పెట్టాలి. గుడివాడ నుంచి తెప్పించే ఆ పొడిలో చికోరీ ఉండి తీరాలి. చికోరీ అంటే కాఫీ గింజ కాదు, వేయించి పొడి చేసిన ఒక మొక్క వేరు. డికాషన్ నల్లగా, చిక్కగా దిగేది దానివల్లే. మా మరిది విశాఖ నుంచి వస్తూ ఓసారి అరకు కాఫీ తెచ్చాడు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కాఫీ అని ఎంత చెప్పినా, ఆవిడ ఒక్క గుక్క తాగి “పల్చగా ఉందిరా” అని పక్కన పెట్టేశారు.

మా ఆయన టీకి కారణం చెరువు. మా నందివాడ వైపు ఎన్నో పొలాలు చేపల చెరువులయ్యాయి కదా. తెల్లారకుండానే గట్టు మీదకి వెళ్లాలి. తవుడు, చెక్క కలిపి చిల్లుల సంచుల్లో నింపి, నీళ్లలో పాతిన గెడలకి కట్టాలి. పట్టుబడి రోజయితే బోలెడంతమంది మనుషులు. అందరికీ డికాషన్ ఎక్కడ సరిపోతుంది? అందుకే అల్లం దంచి వేసి, గిన్నెడు టీ మరిగించి ఫ్లాస్కులో పోసి పంపిస్తాను. ఆ పనిలోనే ఆయనకి టీ అలవాటైంది.

మరి నా సంగతి? డికాషన్ మిగిలితే కాఫీ, ఫ్లాస్కు నింపగా మిగిలితే టీ. నన్ను వద్దన్నవాళ్లూ లేరు, ఏం కావాలని అడిగినవాళ్లూ లేరు. మీలో చాలామందికి ఇది తెలిసిన కథే.

పోయినేడు రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9 వచ్చింది. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసి, “భోజనానికి, టిఫిన్‌కి గంట ముందూ గంట తరవాతా టీ, కాఫీ వద్దమ్మా” అన్నారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లోనూ ఇదే ఉంది. వీటిలోని టానిన్లు మనం తిన్న ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవట. 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటే, టీలో 30 నుంచి 65 ఉంటుందనీ, రోజుకి మొత్తం 300 దాటకూడదనీ కూడా చెప్పారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం, మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది.

అప్పుడు ఒక విషయం తట్టింది. ఇంట్లో మిగతావాళ్లు లేవగానే తాగుతారు. టిఫిన్ వేళకి అది ఎప్పుడో అరిగిపోతుంది. మనం అందరికీ ఇచ్చి, పెట్టి, ఆఖర్న కూర్చుని టిఫిన్‌తోపాటే చల్లారిన కప్పు అందుకుంటాం. అంటే కాఫీయా, టీయా అన్నదానికన్నా ఎప్పుడు తాగుతున్నామన్నదే మనకి ముఖ్యం. ఆఖర్న తాగడమే మనకి చేటు.

ఇంటికొచ్చి అత్తయ్యగారికి చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, “అయితే రేపట్నుంచి లేవగానే ముందు నువ్వే తాగు. ఇంతకీ నీకేం ఇష్టమే?” అన్నారు.

పెళ్లయిన పదహారేళ్లకి వచ్చిన ప్రశ్న! జవాబు కోసం నేనే కాస్త ఆలోచించుకోవాల్సి వచ్చింది. టీ. అల్లం లేకుండా, ఒక్క యాలక్కాయ వేసి, పంచదార తక్కువగా.

ఇప్పుడు ఐదింటికి పొయ్యి మీద మొదట పెట్టేది నా టీ గిన్నే. పది నిమిషాలు వీధి అరుగు మీద కూర్చుని వేడివేడిగా తాగుతాను. ఫిల్టర్, ఫ్లాస్కు ఆ తరవాత. ఎవరి కాఫీ ఆలస్యం కాలేదు, ఎవరి టీ ఆగలేదు. మొన్న పరీక్ష చేయిస్తే 11 వచ్చింది. మాత్రలు, తోటకూర, ఈ వేళ మార్పు, అన్నీ కలిసి పనిచేశాయనుకుంటాను.

మీకేది ఇష్టం? అది మీ ఇంట్లోవాళ్లకి తెలుసా?