అక్కడ తెల్లవారుజాము మూడున్నర

మా అత్తగారు పేరంటంలో మంగళహారతి పాడితే అమెరికాలో మా అమ్మాయి గొల్లుమంది! ఇదేం విడ్డూరం అనుకుంటున్నారా? అదంతా నా చేతి చలవే లెండి.

2002 వేసవి సంగతి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు కొట్టడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాను. "మామ్మ నిన్న పాడింది" అని చెబుదామని పి, ఎ, డి, ఐ, ఎన్, డి, ఐ అని కొట్టాను. అది అక్కడికెళ్ళేసరికి "పడింది" అయి కూర్చుంది. "అయ్యో! ఎముక విరిగిందా?" అని వెంటనే జవాబొచ్చింది. ఎముకేమిటో నాకర్థం కాలేదు. "లేదే, అందరూ మెచ్చుకుని మళ్ళీ పాడించారు" అన్నాను. పాపం, డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలావిణ్ణి పట్టుకుని పేరంటాళ్ళంతా మళ్ళీ పడించారనుకుంది పిచ్చిపిల్ల! దీర్ఘం ఉన్నచోట రెండు 'ఎ'లు కొట్టాలని ఆ రోజే మా ఇద్దరికీ ఒప్పందం కుదిరింది.

అసలు ఈ కొట్టడాల్లోకి నేనెలా దిగానో చెప్పాలి. మా అమ్మాయికి 2000లో పెళ్ళి చేసి న్యూజెర్సీ పంపాం. అప్పట్లో అమెరికాకి ఐ.ఎస్.డి. చేస్తే నిమిషానికి 60 రూపాయల దాకా అయ్యేది. పిల్లే ఏదో కార్డు కొనుక్కుని ఆదివారం ఆదివారం చేసేది. ఫోనేమో మా హాల్లో, అందరి మధ్యా ఉండేది. ముందు మా వారు, తర్వాత మా అత్తగారు, ఆఖర్న నేను. అక్కడ దాని పక్కన అల్లుడు. "బాగున్నావా?" "బాగున్నానమ్మా." "ఏం వండావు?" "పప్పు, వంకాయ కూర." "సరే, కార్డు అయిపోతుంది, పెట్టెయ్." అంతే. రెండేళ్ళపాటు నా కూతురితో నేను మాట్లాడిందంతా పప్పు, వంకాయ కూరే!

మా సత్యనారాయణపురంలో, వీధి చివర అప్పుడే ఒక నెట్ సెంటర్ పెట్టారు. గంటకి ఇరవై రూపాయలు. పక్కింటి ఇంజనీరింగు కుర్రాడు, "ఆంటీ, మీరు మెసెంజర్ నేర్చుకోండి, గంటసేపు మాట్లాడినా ఇరవయ్యే" అన్నాడు. యాహూ వాళ్ళది. 1998లో 'పేజర్' పేరుతో మొదలై మరుసటి ఏడాది 'మెసెంజర్' అయిందట. నాకు ఆ చరిత్ర ఎందుకు గానీ, గంటకి ఇరవై అన్నమాట మాత్రం చెవిన పడింది.

మొదటిరోజు ఆ కుర్రాడే దగ్గరుండి 'ఐ.డి.' చేయించాడు. ప్రపంచంలో ఇంకెవరికీ లేని పేరు కావాలట. నా పేరు కొడితే అప్పటికే ఎవరో తీసేసుకున్నారు. ఇంటిపేరు కలిపినా లేదంది! చివరికి మా డోర్ నెంబరు తగిలిస్తే ఒప్పుకుంది. ఆ తర్వాత పాస్‌వర్డు. నేను కొట్టేవి అక్షరాలు, అక్కడ పడేవి చుక్కలు. మిషను పాడైందనుకుని ఐదారుసార్లు చెరిపి మళ్ళీ కొట్టాను. పక్కవాళ్ళు చూడకుండా అలా చుక్కలు చూపిస్తుందని చివర్న చెప్పాడు మహానుభావుడు. ఆ ఐ.డి., పాస్‌వర్డు రెండూ నా వంటల నోట్‌బుక్కు వెనక అట్ట మీద రాసుకున్నాను.

తర్వాత అమ్మాయి ఐ.డి. కొట్టి, స్నేహితుల జాబితాలో చేర్చుకోమని అడగాలి. దానికి అవతలివాళ్ళు సరేననాలట. కన్నకూతురితో మాట్లాడ్డానికి కూడా దాని అనుమతి కావాలా అని నవ్వొచ్చింది. సరేనన్నాక దాని పేరు పక్కన చిన్న ముఖం బొమ్మ వచ్చింది. మనిషి కంప్యూటర్ ముందుంటే ఆ ముఖం పసుప్పచ్చగా వెలుగుతుంది. లేకపోతే బూడిదరంగులో ఉంటుంది. పేరు మీద రెండుసార్లు నొక్కితే మాట్లాడే కిటికీ తెరుచుకుంటుంది. కింది గడిలో కొట్టి 'ఎంటర్' నొక్కితే మాట వెళ్ళిపోతుంది. ఇంతే విద్య.

చెప్పొద్దూ, నాకు ఇక్కడ ఒక గర్వం ఉంది. పెళ్ళికి ముందు నేను టైపు లోయర్ పాసయ్యాను. ఆ సర్టిఫికెట్టు ఇరవై ఆరేళ్ళుగా ట్రంకుపెట్టె అడుగున నాఫ్తలీన్ ఉండలతో కాపురం చేస్తోంది. ఆ మీటల మీద చేతులు పెట్టగానే 'ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్' అని వేళ్ళు వాటంతటవే కదిలాయి. కుర్రాడు నోరు తెరిచాడు. అయితే పాత అలవాటు ఒకటి కొంప ముంచింది. లైను చివరికి రాగానే టైపు మిషను కమ్మీ తోసినట్టు 'ఎంటర్' నొక్కేసేదాన్ని. "నాన్నగారికి ఒంట్లో" వరకూ వెళ్ళిపోయేది. "కులాసాగానే ఉంది" అని నేను కొట్టేలోపు అక్కడ పిల్లకి గుండె జారిపోయేది. ఇంకోసారి పొరపాటున క్యాప్స్ లాక్ పడి అన్నీ పెద్దక్షరాలే వచ్చాయి. "అమ్మా, ఎందుకరుస్తున్నావు?" అంది. నేనెక్కడ అరిచానే అంటే, పెద్దక్షరాల్లో కొడితే అరిచినట్టట! అరుపుకీ ఒక పద్ధతి ఉందన్నమాట.

మొదట్లో ఆదివారం పొద్దున్న ఏడున్నరకి నేనూ మా వారూ కలిసి వెళ్ళేవాళ్ళం. న్యూజెర్సీలో అప్పుడు శనివారం రాత్రి పది. నెట్ సెంటరు నిండా మాలాంటి తల్లిదండ్రులే. కొందరు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని "హలో, వినపడుతోందా? చలిగా ఉందా?" అని కేకలు. ఎవరి అల్లుడికి ప్రమోషనొచ్చిందో, ఎవరి కోడలు నీళ్ళోసుకుందో అందరికీ తెలిసిపోయేది. మా వారు పక్కన కూర్చుని, "అల్లుడిగారి ఉద్యోగం ఎలా ఉందో కొట్టు" అని చెప్పేవారు. "బాగుంది నాన్నా" అని వచ్చేది. పక్కనే నవ్వుతున్న బొమ్మ కూడా పెట్టేది.

ఇంతలో ఒక మంగళవారం. మా వారు ఆఫీసుకెళ్ళారు. అత్తగారు భోంచేసి పడుకున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకి నెట్ సెంటరు ఖాళీగా ఉంటుంది కదా, కాస్త చెయ్యి సాధన చేద్దామని గొడుగేసుకుని వెళ్ళాను. తెరవగానే అమ్మాయి పేరు పక్కన పసుపు ముఖం వెలుగుతోంది!

వేళ్ళ మీద లెక్కేశాను. వేసవిలో అక్కడికీ మనకీ తొమ్మిదిన్నర గంటల తేడా. అంటే అక్కడ తెల్లవారుజాము మూడున్నర.

"ఇంకా పడుకోలేదా?" అని కొట్టాను.

కిటికీ కింద, అది ఏదో కొడుతున్నట్టు చూపిస్తోంది. ఆగుతోంది. మళ్ళీ కొడుతోంది. అంతసేపు కొడితే పెద్ద ఉత్తరమే వస్తుందనుకున్నాను. చివరికి వచ్చింది ఒక్క మాట. "నిద్ర రావట్లేదమ్మా."

"ఎన్నాళ్ళనుంచి?"

"మూడు నెలలనుంచి."

ఆ తర్వాత ఒక్కో వాక్యమే వచ్చింది. అల్లుడు పనిచేసే ప్రాజెక్టు అయిపోయింది. తీసుకెళ్ళిన కన్సల్టెన్సీ వాళ్ళు 'బెంచి' మీద కూర్చోబెట్టారు. రెండు నెలలు సగం జీతమిచ్చారు, తర్వాత అదీ లేదు. డాట్‌కామ్ కంపెనీలు 2000 నుంచి కూలుతూ వచ్చి, 2001 సెప్టెంబరు దాడుల తర్వాత పరిస్థితి మరీ ముదిరిందని మనమూ పేపర్లో చదివాం. కానీ పేపర్లో చదివేది మన ఇంట్లోకి వస్తుందని ఎవరనుకుంటారు? పోనీ ఎమ్మెస్సీ చదివింది కదా, అదైనా ఏదో ఒకటి చేద్దామంటే, హెచ్-4 వీసా మీద వెళ్ళిన భార్యలకి అప్పుడు ఉద్యోగం చేసే హక్కు లేదు. 2015లో గానీ వాళ్ళలో కొందరికి ఆ వీలు రాలేదు. అల్లుడు పగలంతా కంపెనీలకి దరఖాస్తులు పంపడం, రాత్రి మాటా పలుకూ లేకుండా పడుకోవడం. ఇది హాల్లో కంప్యూటర్ ముందు కూర్చోవడం.

"ఫోన్లో ఒక్కసారైనా చెప్పలేదేమే?"

"ఎలా చెప్పనమ్మా? ఇక్కడ ఆయన వింటారు. అక్కడ నాన్న వింటారు."

నేను ఆ చెక్క కేబినులో కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. నా ఏడుపు దానికి వినపడలేదు, దాని ఏడుపు నాకు వినపడలేదు. అందుకే అన్నీ చెప్పుకోగలిగామేమో! "నాన్నకి చెప్పకు, బీపీ పెరుగుతుంది" అంది. చెప్పనని మాటిచ్చాను.

అది మొదలు రోజూ ఒంటిగంటకి నెట్ సెంటరే. డబ్బులు పోపులపెట్టెలోవి. సలహాలేం ఇవ్వగలను? ఆ దేశం సంగతి నాకేం తెలుసు? ఒకసారి "వచ్చేయ్" అన్నాను. "వచ్చి అందరికీ ఏం చెప్పను?" అంది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. అది కచ్చితంగా ఏం తింటోందో అడిగాను. అన్నం, పచ్చడి. ఇక అక్కణ్ణుంచి మొదలుపెట్టాను. తక్కువ ఖర్చులో ఏం వండుకోవచ్చో వివరంగా కొట్టేదాన్ని. గుప్పెడు కందిపప్పు ఇద్దరికి పప్పుచారుగా ఎలా సాగదీయాలి, మిగిలిన అన్నంలో పులిసిన పెరుగు కలిపి తాలింపు ఎలా పెట్టాలి, మెంతులు ఎర్రగా వేగాకే చింతపండు పులుసు ఎందుకు పొయ్యాలి... అది "ఊ" కొట్టేది. చిన్నప్పుడు కథ చెబుతుంటే కొట్టినట్టే. ఊలు తగ్గుతూ తగ్గుతూ, "నిద్దరొస్తోందమ్మా" అని వచ్చేది. ముఖం బూడిదరంగులోకి మారేది. నేను లేచి ఇరవై రూపాయలిచ్చి ఇంటికొచ్చేదాన్ని.

ఆగస్టులో ఒక రోజు వెళ్ళేసరికి ముఖం బూడిదరంగులోనే ఉంది. పది నిమిషాలు కూర్చున్నాను. వెలగలేదు. హమ్మయ్య, పడుకుంది అనుకుని వచ్చేశాను. మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే. ఆ సాయంత్రం దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టాను.

నాలుగో రోజు పక్కింటి కుర్రాడు పక్క కేబినులో కూర్చుని తనలో తాను నవ్వుకుంటున్నాడు. ఏమిట్రా అంటే, "మావాడు నేను లేననుకుంటున్నాడాంటీ. ఇన్విజిబుల్‌లో పెట్టాను" అన్నాడు. అంటే ఏమిటన్నాను. మనం ఉన్నా లేనట్టు కనపడతామట. మనకి మాత్రం అవతలివాళ్ళు కనపడుతూనే ఉంటారట.

నా గుండె గతుక్కుమంది. బూడిదరంగు పేరు మీదే రెండుసార్లు నొక్కి, "పడుకున్నావా తల్లీ?" అని కొట్టాను.

ఒక నిమిషం ఏమీ లేదు.

"లేదమ్మా."

ఆ తర్వాత మెల్లిగా ఇంకోటి వచ్చింది. "రోజూ చూస్తూనే ఉన్నానమ్మా. నువ్వొస్తున్నావు, పది నిమిషాలు కూర్చుని వెళ్ళిపోతున్నావు. ఎండలో రావడం మానేస్తావని అలా పెట్టాను."

ఆ రోజు మాత్రం నేను క్యాప్స్ లాక్ కావాలనే నొక్కాను.

అక్టోబరులో అల్లుడికి డల్లాస్‌లో ఉద్యోగం దొరికింది. సామాను కారులో వేసుకుని వాళ్ళు ఊరు మారాక, అప్పుడు మా వారికి చెప్పాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కాఫీ తాగుతూ, "నాలుగు నెలలు ఒక్కదానివే మోశావా? నేనేం చచ్చిపోయేవాణ్ణా?" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. నేను చేసింది ఒప్పో తప్పో ఇప్పటికీ తేల్చుకోలేను. కూతురికిచ్చిన మాట ఒకవైపు, మొగుడి దగ్గర దాపరికం ఒకవైపు. మీలో ఎవరైనా నా స్థానంలో ఉంటే ఏం చేసేవారో మరి. మర్నాడు ఆయనే, "నాక్కూడా ఆ కొట్టడం నేర్పవోయ్" అన్నారు. ఒక వేలితో వెతుక్కుంటూ "కులాసా" అని కొట్టేసరికి పావుగంట పట్టింది.

ఆ మెసెంజర్ని 2018 జూలై 17న మూసేశారు. నెట్ సెంటరు అంతకు చాలా ముందే పోయింది. ఇప్పుడక్కడ కర్రీ పాయింటు ఉంది. మేం మాట్లాడుకున్న మాటలు ఆ కంప్యూటర్లతోపాటే పోయాయి. వంటల నోట్‌బుక్కు అట్ట మీద ఆవకాయ కొలతల పక్కన ఐ.డి., పాస్‌వర్డు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇప్పుడు నా ఫోన్లో వాట్సాప్ ఉంది. చివరిసారి ఎప్పుడు చూశారో తెలియకుండా దాచుకునే వీలు ఇందులోనూ ఉందని మనవరాలు చెప్పింది. మా అమ్మాయి దాచుకుంది. నేనేం అడగలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి, నడుం వాల్చబోయే ముందు, "పడుకున్నావా తల్లీ?" అని ఒకటి కొడతాను.

జవాబు సాయంత్రానికి గానీ రాదు.